నీళ్ళు వెనక కాదు, ముందర వేయాలి

అమ్మా, మీరు ప్రొద్దుటూరు నుంచి రాసింది, పంపిన మూడు ఫోటోలూ నిదానంగా చూసినాను. 2020 లాక్‌డౌన్‌లో 24×36 అంగుళాల క్యాన్వాస్ మీద అక్రిలిక్ రంగులతో సముద్రం లోపలి బొమ్మ మొదలుపెట్టినారు. ఒక తాబేలు, ఎర్ర పగడాల పొద, పది పన్నెండు చిన్న చేపలు. పెళ్ళి, పాప, ఇల్లు మారడం, వీటి మధ్య అది ఆగిపోయింది. పాత నూలు చీరలో చుట్టి అటక ఎక్కించినారు. ఇప్పుడు దించితే దుమ్ము, గుడ్డ వదులైంది, తాబేలు "నీలం గోడకు మేకు కొట్టి తగిలించినట్టు" ఉందన్నారు. కొత్తగా కలిపిన నీలం పాత నీలంతో కలవడం లేదన్నారు. జెస్సో (రంగుకు ముందు క్యాన్వాస్‌కు కొట్టే తెల్ల పూత) కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాలా, దీన్నే పూర్తి చేయొచ్చా అనేది మీ ప్రశ్న. సగంలో ఆగిన జెల్లీఫిష్ ఒకటి, ఉత్త నీలం పూసి వదిలేసిన క్యాన్వాస్ ఒకటి కూడా ఉన్నాయన్నారు.

జెస్సో వద్దు. మీ తాబేలు గీత బాగుంది, ముందరి తెడ్ల (ఈదే కాళ్ళ) ఊపు బాగుంది. అది చెడిపోయిన బొమ్మ కాదు. దానికి ఇంకా నీళ్ళు పట్టలేదు, అంతే.

మీరు ముందు క్యాన్వాస్ నిండా నీలం పూసినారు. అది ఆరినాక దాని మీద తాబేలు, పగడం, చేపలు వేసినారు. కొండో చెట్టో వేసేటప్పుడు ఆకాశం ముందు, చెట్టు తర్వాత. అది సరిపోతుంది, ఎందుకంటే మన కంటికీ చెట్టుకూ నడుమ ఉండే గాలి పెద్దగా కనబడదు. నీళ్ళలో అట్ల కాదు. నీళ్ళు తాబేలు వెనక ఉండేంత ముందర కూడా ఉంటాయి. మీ కంటికీ దాని పెంకుకూ నడుమ ఎంత నీళ్ళుంటే అంత రంగు దాని మీదికి ఎక్కుతుంది. కాబట్టి సముద్రం వేసేవాళ్ళ ఆఖరి పూత చేప కన్ను కాదు, నీళ్ళు. 31 ఏళ్ళు కడప జిల్లా బడుల్లో డ్రాయింగ్ చెప్పినాను. పిల్లల దగ్గర నేను ఎక్కువసార్లు దిద్దింది ఇదొక్కటే. మీ రంగులు కలవకపోవడానికి మందు కూడా ఇందులోనే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

సముద్రం చూడకుండా సముద్రం ఎట్ల వేసేది అని మీరు రాసినారు. మా ఊళ్ళో దిగుడుబావి ఉండేది. వీపుకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్న తరం మాది. ఆ బావిలో మునిగి కళ్ళు తెరిచి పైకి చూస్తే ఆకాశం మొత్తం ఒక గుండ్రటి పళ్ళెంలో ఇమిడి కనబడేది. గట్టు మీద నిల్చున్నవాళ్ళు ఆ పళ్ళెం అంచున వంగిపోయి కనబడేవాళ్ళు. పళ్ళెం దాటితే పైన ఆకాశం లేదు, అద్దం మాదిరి బావి గోడలే తలకిందులుగా. రిటైరయినాక అండమాన్‌లో స్నార్కెలింగ్ మాస్క్ పెట్టుకుని దిగినప్పుడు పైకి చూస్తే అదే పళ్ళెం. వెలుగు నీళ్ళలోకి వచ్చేటప్పుడు వంగడం వల్ల పైలోకమంతా దాదాపు 97 డిగ్రీల కోణంలో ఒదుగుతుంది. మీ బొమ్మలో పైన నీలం పట్టీ మీద తెల్లగా అలలు గీసినారు. అవి గట్టు మీద నిలబడి చూసేవాడికి కనబడే అలలు. లోపలి నుంచి చూసేవాడికి పైన ఒకచోట వెలుగు మడుగు ఉంటుంది, చుట్టూ ముదురు అద్దం ఉంటుంది. మీ బొమ్మలో చూపు కొంచెం పైకే ఉంది కాబట్టి ఆ మడుగు అంచు ఎడమ మూలలో కనబడితే చాలు.

ఇక పని. ముందు శుభ్రం చేయండి. నూలు చీరలో చుట్టడం మంచిదైంది. అక్రిలిక్ రంగు ఆరినా పూర్తిగా రాయి కాదు, అది ఒకరకం ప్లాస్టిక్ పొర. మన ఎండల్లో మెత్తబడి జిగురు పట్టినట్టు అవుతుంది, దుమ్మును తనలోకి లాక్కుంటుంది. నేను పనిచేసిన ఒక బడిలో ఆరుగురు పిల్లల బొమ్మలు ముఖాలు ఎదురెదురుగా పెట్టి స్టోర్ రూంలో పడేసినారు. రేకుల కప్పు, మే నెల. జూన్‌లో విడదీస్తే ఒకదాని రంగు ఇంకొకదానికి ఊడొచ్చింది. ఒక పిల్ల ఏడుపు ఇప్పటికీ గుర్తుంది. ఇకమీదట నిలబెట్టి దాచండి, ముఖానికి ముఖం తగలనీయొద్దు, ప్లాస్టిక్ కవరు నేరుగా చుట్టొద్దు.

వెనక చెక్క ఫ్రేమును గోరుతో గీకి చూడండి, చెదలు పట్టినాయేమో. పట్టి ఉంటే గుడ్డ విప్పి కొత్త చెక్కకు కట్టించాల్సిందే. లేకపోతే మెత్తని వెడల్పు కుంచెతో పైనుంచి కిందికి దుమ్ము దులపండి. తర్వాత నూలు గుడ్డ మంచినీళ్ళలో ముంచి, బాగా పిండి, ఒక మూల తుడిచి చూడండి. గుడ్డకు రంగు అంటకపోతే మిగతాది తుడవండి. అక్రిలిక్ లోపలి సబ్బులాంటి పదార్థం ఏళ్ళ మీద పైకి తేలి జిడ్డుగా నిలుస్తుంది, అది పోవాలి, లేకపోతే కొత్త పూత సరిగా పట్టదు. వంటింటి పొగ తగిలి ఉంటే నీళ్ళలో ఒక్క చుక్క సబ్బు వేసి తుడిచి, మళ్ళీ మంచినీళ్ళతో రెండుసార్లు తుడవండి. వదులైన గుడ్డకు ఫ్రేము లోపలి మూలల్లో చిన్న చెక్క సీలలు ఉంటాయి, వాటిని సుత్తితో ఒక్కొక్క దెబ్బ లోపలికి కొట్టండి. అవి లేని ఫ్రేమైతే వెనకవైపు నీళ్ళు సన్నగా చల్లితే తాత్కాలికంగా బిగుస్తుంది.

ట్యూబుల్లో గట్టిపడిన రంగు పారేయండి. అక్రిలిక్ ఒకసారి ఆరితే ఎన్ని నీళ్ళు పోసినా తిరిగి రంగు కాదు. మెత్తగా ఉండి నీళ్ళూ రంగూ విడిపోయినవైతే కలుపుకోవచ్చు.

తుడిచిన వెంటనే కుంచె పట్టొద్దు. ఒక వారం ఎదురుగా గోడకు పెట్టుకోండి. ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపు చేయండి. నేను మీ ఫోటోతో అట్ల చేస్తే తాబేలు, పగడం, వెనక నీలం మూడూ ఒకే బూడిద రంగులో కలిసిపోయినాయి. మీకు గోడకు తగిలించినట్టు అనిపించడానికి సగం కారణం ఇదే. రంగులు వేరుగా ఉన్నాయి కానీ వెలుగునీడలు వేరుగా లేవు. పైన లేత, కింద ముదురు, తాబేలు దగ్గర అన్నిటికన్నా లోతైన ముదురు, ఇట్ల మూడు మెట్లు కుదిరితే నీలం ఏ నీలమైనా పర్వాలేదు.

రంగు విషయానికొస్తే, నీళ్ళు ముందు ఎరుపును మింగుతాయి. ఐదు పది మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. ఆఖరుకు మిగిలేది నీలం. మనం ఫోటోల్లో చూసే నిప్పులాంటి ఎర్ర పగడాలు చాలావరకు కెమెరా ఫ్లాష్ వెలుగులో తీసినవి. ఫ్లాష్ లేకుండా లోతులో చూస్తే అదే పగడం మట్టి రంగులో, నలుపు తిరిగి ఉంటుంది. మీ పగడం కుంకుమ పోసినట్టు ఉంది. కాబట్టి ఒకటి నిర్ణయించుకోండి. మీ దృశ్యం రెండు మూడు మీటర్ల లోతులో ఎండ పడే చోటైతే ఎరుపు ఉండనీయండి, కానీ పైకి చూసే కొసలకు మాత్రమే. లోతైనదైతే ఎరుపును కాల్చిన ఇటుక రంగుకు దించండి. తాబేలు మీద ఎండ పడుతున్నట్టు మీరే వేసినారు కాబట్టి నేనైతే మొదటిదే ఎంచుకుంటాను.

నీలాల్లో థాలో బ్లూ, అల్ట్రామెరైన్, కొంచెం థాలో గ్రీన్ ఉంటే చాలు. పైభాగానికి థాలో బ్లూలో ఆవగింజంత గ్రీన్, టైటానియం వైట్. లోతుకు అల్ట్రామెరైన్‌లో థాలో బ్లూ, కొద్దిగా బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు). నలుపు కలపొద్దని నా గట్టి అభిప్రాయం, నలుపు కలిపిన నీలం తారురోడ్డు నీడలాగ అవుతుంది. మన నెల్లూరు తీరం దగ్గరి నీళ్ళు మాత్రం ఈ నీలంలో ఉండవు. ఒండ్రు, నాచు వల్ల పచ్చగా మసకగా ఉంటాయి. పగడాలు వేసినారు కాబట్టి మీది లక్షద్వీప్, అండమాన్ నీళ్ళు. అక్కడ నీలం సరే.

ఆ లెక్కన తాబేలును కూడా ఒకసారి చూడండి. మన ఆంధ్ర, ఒడిశా తీరాల్లో గుడ్లు పెట్టేది ఎక్కువగా ఆలివ్ రిడ్లే. దాని పెంకు గుండె ఆకారంలో, పచ్చ తిరిగిన బూడిద రంగులో ఉంటుంది, నడిమి వరసకు ఇరుపక్కలా ఐదుకు మించి, చాలాసార్లు ఆరు ఏడు పలకలు ఉంటాయి. పగడాల మధ్య తిరిగే పచ్చ తాబేలుకు ఇరుపక్కలా నాలుగేసి పలకలే. ఫోటోలో మీ తాబేలుకు ఒకవైపు నాలుగు, ఇంకొకవైపు ఐదు ఉన్నట్టు కనబడుతోంది. నాలుగు చేయండి. చూసేవాళ్ళలో లెక్కపెట్టేవాళ్ళు తక్కువే, కానీ ఆ ప్రాణిని మనం సరిగ్గా చూసినామా లేదా అనేది మనకు తెలియాలి కదా. ఇంకొకటి, చేప నోటి నుంచి బుడగలు వేసినారు. చేపలు మొప్పలతో ఊపిరి తీసుకుంటాయి, మామూలుగా బుడగలు వదలవు. అవి చెరిపేసి తాబేలు ముక్కు దగ్గర రెండు మూడు పెట్టండి. బుడగ అంటే తెల్ల గుండ్రం కాదు, చిన్న వెండి అద్దం. అంచు ముదురు, పైన ఒక మెరుపు, కింద ఇంకో చిన్న మెరుపు.

చేపల వీపు ముదురుగా, పొట్ట తెల్లగా ఉంటుంది. పైనుంచి ఎండ పడినప్పుడు వీపు వెలిగి, పొట్ట నీడలో పడి, రెండూ సమానమై చేప నీళ్ళలో కలిసిపోవడానికే ఆ ఏర్పాటు. మనం బడిలో నేర్చుకున్న పద్ధతిలో పొట్ట కింద ముదురు నీడ పెడితే చేప గుండ్రంగా కనబడుతుంది కానీ నీళ్ళలో ఉన్నట్టు కనబడదు. దగ్గరి రెండు చేపలకు నీడ పెట్టండి, మిగతావాటికి వద్దు. దూరపువాటికి కన్ను, పొలుసు ఏమీ వద్దు. చుట్టూ ఉన్న నీలానికి ఒక మెట్టు ముదురులో ఆకారం ఉంటే చాలు. కొత్త చేప ఎక్కడ పెట్టాలో తెలియకపోతే కాగితం మీద గీసి కత్తిరించి క్యాన్వాస్ మీద జరిపి చూసుకోండి.

ఇప్పుడు నీళ్ళు. గ్లేజింగ్ మీడియం (రంగును కింది పొర కనబడేంత పలచని గ్లేజు పూతగా మార్చే ద్రవం) ఒక సీసా తెప్పించండి, మన ఊళ్ళలో దొరకకపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాని బదులు ఫెవికాల్ కలపమని ఎవరైనా చెప్తే వినొద్దు, తడి తగిలితే అది మెత్తబడుతుంది. ఉత్త నీళ్ళతో మరీ పలచన చేసినా రంగును పట్టి ఉంచే జిగురు బలం పోతుంది. పది భాగాల మీడియానికి ఒక భాగం కూడా రంగు పట్టదు. థాలో బ్లూ మహా గట్టిది, గుండుసూది తలంత వేసి చూడండి.

మొదటి పూత దూరపువాటి మీద, అంటే వెనక చేపలు, పగడం వెనక కొమ్మలు, తాబేలుకు అవతలి తెడ్డు. ఆరనీయండి. రెండో పూత వాటి మీద మళ్ళీ, నడిమివాటి మీద మొదటిసారి. మూడో పూత అన్నిటి మీదా, తాబేలు తల, ముందరి తెడ్డు మాత్రం వదిలి. దూరంగా ఉన్నదానికి మూడు పొరలు, దగ్గరిదానికి ఒకటి లేదా ఏమీ లేదు. ఈ లెక్కలోనే లోతు పుడుతుంది. అవతలి తెడ్డు ఒక్కటి నీళ్ళలోకి వెళ్ళిపోతే చాలు, తాబేలు గోడ మీది నుంచి దిగి ఈదుతుంది.

మీ పాత నీలం, కొత్త నీలం కలవని సమస్య కూడా ఇక్కడే తీరుతుంది. అక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు లోపలి జిగురు పాల మాదిరి తెల్లగా ఉంటుంది, ఆరితే గాజు మాదిరి అవుతుంది, అందుకే ఆరినాక రంగు ముదురుతుంది. తడి రంగును పాత ఆరిన రంగు పక్కన పెట్టి కలుపుతూ పోతే ఎప్పటికీ కుదరదు. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద చిన్న మచ్చ పెట్టి, ఆరబెట్టి, ఆ షీటును బొమ్మ మీద పెట్టి చూడాలి. అయినా ముక్కముక్కగా అతుకు వేయొద్దు. పాత నీలం మీదా, కొత్త నీలం మీదా ఒకే గ్లేజు పరిచినప్పుడు రెండూ ఒకే నీళ్ళ కిందికి పోతాయి. 2020 నాటి చేతికీ ఇప్పటి చేతికీ నడుమ తేడాను కూడా అదే కప్పుతుంది.

మన ఎండల సంగతి మరిచిపోవద్దు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల పైన కుంచె క్యాన్వాస్ అవతలి అంచుకు చేరేలోపు ఈ అంచు ఆరిపోతుంది, చారలు పడతాయి. తెల్లవారి ఐదు నుంచి ఏడున్నర దాకా పెట్టుకోండి, ఫ్యాను ఆపేయండి. స్టీలు పళ్ళెంలో తడి గుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగులు ఆ పేపర్ మీద కలపండి. మూత ఉన్న స్వీట్ డబ్బాలో పెడితే మరుసటి రోజుకూ తడిగా ఉంటాయి. ఆరుదలను నిదానం చేసే రిటార్డర్ కొన్నా రంగులో పదో వంతు దాటనీయొద్దు, ఎక్కువైతే ఎన్నాళ్ళకూ జిగురుగానే ఉంటుంది.

ఎండ కిరణాలు గ్లేజు పూర్తయినాక. మీడియంలో చాలా కొద్దిగా తెలుపు కలిపి, వెడల్పు కుంచె దాదాపు పొడిగా చేసి, పైనుంచి కిందికి లాగండి. అన్ని కిరణాలూ నీటి పైన ఉన్న ఒకే బిందువు వైపు కూడాలి. మీరు స్కేలు పెట్టి సమాంతరంగా గీసినారు, అది సరికాదు. కిందికి పోయేకొద్దీ కరిగిపోవాలి. దూరపు చేపల మీదుగా పోనీయండి, తాబేలు వెనక ఆగిపోవాలి. తాబేలు పెంకు మీద వెలుగు వల వేయండి. అలల కింద ఎండ నేల మీద అల్లే ఆ గీతల వల మీరు చూసే ఉంటారు, నీళ్ళ తొట్టిలో కూడా కనబడుతుంది. పైకి తిరిగిన చోట మాత్రమే, పెంకు వంపును అనుసరించి, గీతలు కలిసే చోట కొంచెం మందంగా.

అడుగు ఇసుకకు ఫోటోలు వెతుక్కోవాల్సిన పనిలేదు. మన కడప నేల ఒకప్పుడు సముద్రం. పులివెందుల, గండికోట వైపు బండల మీద ఇసుక అలల గుర్తులు రాయై నిలిచి ఉన్నాయి. వేంపల్లె సున్నపురాయిలో 150 కోట్ల ఏళ్ళకు పైబడిన సూక్ష్మజీవుల పొరలు, స్ట్రొమాటోలైట్లు, కోసిన ఉల్లిగడ్డ మాదిరి కనబడతాయి. సాయంత్రం ఏటవాలు ఎండలో అట్లాంటి బండ పక్కన కూర్చుని అలల గీతలు ఒక గంట పెన్సిల్‌తో గీసుకోండి. ఒక వైపు వాలు నిదానంగా, ఇంకొకవైపు నిటారుగా ఉన్నవి ప్రవాహం చేసినవి, రెండువైపులా సమానంగా ఉన్నవి అలలు ముందుకూ వెనక్కూ ఊగి చేసినవి. మీ ఇసుకకు రెండో రకం వేయండి, దూరం పోయేకొద్దీ దగ్గర దగ్గరగా, చివరికి నీలంలో మాయమయ్యేటట్టు.

జెల్లీఫిష్ గురించి. దాన్ని తెల్ల రంగుతో మందంగా వేసినందుకే అది ముల్లంగి మాదిరి ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళను చూడండి. తోలును వెలుగు దాటేంత పలచన చేసి దాని మీద పారదర్శకమైన రంగు వేస్తారు, వెనక దీపం పెడితే బొమ్మ లోపలి నుంచి వెలుగుతుంది. జెల్లీఫిష్‌కు అదే పద్ధతి. ముందు ఆ ఆకారం మేరకు లేత రంగు అడుగు పూత, దాని మీద గులాబీ, ఊదా గ్లేజులు నాలుగైదు పొరలు, అంచుల్లో మాత్రం కొంచెం ఎక్కువ. వెనక నీలం బాగా ముదురు చేయండి. మందపు తెలుపు గీతలను 400 నంబరు ఎమరీ కాగితం తడిపి నెమ్మదిగా రుద్ది చదును చేయండి, పొడిగా రుద్దొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

తాబేలు బొమ్మలో ఏదో ఒకచోట, పగడం మొదట్లో అనుకుందాం, మీ 2020 నాటి కుంచె జాడ అట్లనే ఉండనీయండి. లేపాక్షిలో పూర్తికాని కళ్యాణమండపం దగ్గర మా బడి పిల్లలు గుడి లోపలికన్నా ఎక్కువసేపు నిలబడేవాళ్ళు, పని ఎక్కడిదాకా వచ్చి ఆగిందో అక్కడ తెలుస్తుంది కాబట్టి. సంతకం కింద రెండు సంవత్సరాలూ వేయండి, మొదలుపెట్టింది, ముగించింది.

ఆఖరి పూత ఆరినాక ఒక వారం ఆగి, మెరుపు రకం సాఫ్ట్ జెల్ మీడియం (Soft Gel Gloss) రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు కలిపి ఒక రక్షణ పూత వేయండి. అది బాగా ఆరినాకే వార్నిష్. రేపెప్పుడైనా వార్నిష్ తీసి కొత్తది వేయాల్సి వస్తే కింద రంగుకు ఆ పూత అడ్డుగా ఉంటుంది. వార్నిష్ రోజు నేల తడిగుడ్డతో తుడిచి, కిటికీలు మూసి, బొమ్మను పడుకోబెట్టి వేయండి.

ఆ ఉత్త నీలం క్యాన్వాస్ ఉంది చూడండి, ముందు దాన్ని తీసుకోండి. మీ గ్లేజు పాలు, మీ చేతి వేగం, తెల్లవారి మీ గదిలో పూత ఎన్ని నిమిషాల్లో ఆరుతుందో అన్నీ దాని మీద తేల్చుకోండి. నాలుగు చేపలు ఒకే రంగులో వేసి, ఒకదాని మీద ఒక పొర, ఇంకొకదాని మీద రెండు, మూడు, నాలుగు పొరలు పరిచి చూడండి. ఆ నాలుగూ నాలుగు దూరాల్లో కనబడిన రోజు తాబేలు దగ్గరికి రండి. అప్పుడొక ఫోటో పెట్టండి, పగటి వెలుగులో తీసి, పెంకు పలకలు లెక్కపెట్టేటట్టు.